పని ఉంది, పద్దు లేదు: తల్లీబిడ్డల ఆరోగ్య ప్రాజెక్టుకి గ్రాంటు అర్హత, ఒక కేసు

చిన్న సంస్థకి గ్రాంటు రాకపోతే అందరూ ముందు ప్రపోజల్‌నే అనుమానిస్తారు. ఇంగ్లిష్ బాగాలేదనో, గ్రాఫులు లేవనో, పెద్దవాళ్లెవరూ ఫోన్ చేసి చెప్పలేదనో. ఇలాంటి సంస్థలకి నిధుల ఫైళ్లు సిద్ధం చేసిపెట్టడం నా పని, నాకు కనిపించేది మాత్రం వేరు. చాలా ఫైళ్లు ప్రపోజల్ చదివే మనిషి దాకా వెళ్లనే వెళ్లవు. అంతకంటే ముందు అర్హత పరిశీలన అని ఒక మెట్టు ఉంటుంది, అక్కడ ప్రాజెక్టు గురించి ఏమీ తెలియని ఒక ఉద్యోగి చెక్‌లిస్టు పెట్టుకుని కాగితాలు తిప్పుతాడు, ఒక గడి ఖాళీగా ఉంటే ఫైలు అక్కడితో సరి. ఈ కేసు అలా ఆగిపోయి, తర్వాత నెమ్మదిగా కదిలిన ఒక ఫైలుది. సంస్థ పేరూ జిల్లా పేరూ రాయను, వాళ్ల లెక్కలు కూడా గుర్తుపట్టకుండా కాస్త అటూ ఇటూ మార్చాను. చట్టంలో ఉన్న అంకెలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఇచ్చాను.

సంస్థ, వాళ్లు అడిగింది

ఏజెన్సీ మండలాల్లో పనిచేసే సొసైటీ అది, 2001 సొసైటీల చట్టం కింద రిజిస్టర్ అయింది. బడి మానేసిన ఆడపిల్లల్ని మళ్లీ బడికి పంపడానికి మొదలుపెట్టారు. ఆ పని మీద ఇళ్లకి తిరుగుతుంటే, నిన్నమొన్నటి దాకా బడికి వచ్చిన పిల్లలే పద్దెనిమిది నిండకుండా గర్భిణులై కనిపించడం మొదలైంది. దాంతో వాళ్లని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి (పీహెచ్‌సీకి) తీసుకెళ్లడం, రక్తపరీక్ష చేయించడం, ఐరన్ మాత్రలు మింగుతున్నారో లేదో చూడడం, కాన్పయ్యాక బిడ్డ బరువు చూసి రావడం, ఇవన్నీ ఎవరూ చెప్పకుండానే వాళ్ల పనిలో భాగమైపోయాయి. ఏడాదికి సంస్థ మొత్తం ఖర్చు 20 లక్షల లోపు. ఇప్పుడు ఈ ఆరోగ్యం పనిని విడిగా ఒక ప్రాజెక్టుగా చేద్దామని, ఏడాదికి 36 లక్షల చొప్పున మూడేళ్లకి ప్రపోజల్ రాసి ఒక కంపెనీ సామాజిక బాధ్యత (సీఎస్ఆర్) విభాగానికి పంపారు.

తిరుగు టపాలో వచ్చిన జవాబు రెండు వాక్యాలు: ఇలాంటి కార్యక్రమాల్లో మూడేళ్ల అనుభవం రుజువు కాలేదు, పరిశీలన ముగించాం.

సెక్రటరీ మేడం ఆ మెయిలు నాకు ఫార్వర్డ్ చేసి ఫోన్ చేశారు. "సార్, మేం ఎప్పట్నుంచో చేస్తున్న పనే కదా ఇది, అనుభవం లేదంటారేంటి?"

ఆమె ప్రశ్న న్యాయమైనదే. కానీ కంపెనీ చెప్పింది కూడా వాళ్ల దగ్గరున్న కాగితాల ప్రకారం తప్పు కాదు.

ఆ మూడేళ్ల నిబంధన ఎక్కడిది

కంపెనీల చట్టం 2013, సెక్షన్ 135. అంతకుముందు ఆర్థిక సంవత్సరంలో నెట్‌వర్త్ 500 కోట్లు గానీ, టర్నోవర్ 1000 కోట్లు గానీ, నికర లాభం 5 కోట్లు గానీ దాటిన కంపెనీ, గడిచిన మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. ఇంతవరకూ అందరికీ తెలుసు. 2021 జనవరిలో సీఎస్ఆర్ నిబంధనలు సవరించాక, కంపెనీ తన డబ్బుని బయటి సంస్థ ద్వారా ఖర్చు చేయాలంటే ఆ సంస్థకి ఏమేం ఉండాలో గట్టిగా రాశారు. సొసైటీ, పబ్లిక్ ట్రస్టు లేదా లాభాపేక్ష లేని సెక్షన్ 8 కంపెనీ అయి ఉండాలి, ఆదాయపు పన్ను చట్టం కింద 12ఏ రిజిస్ట్రేషన్ (సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జీ ఆమోదం (విరాళం ఇచ్చేవాళ్లకి పన్ను రాయితీ) ఉండాలి, 2021 ఏప్రిల్ 1 నుంచి సీఎస్ఆర్-1 ఫారం వేసి నంబరు తెచ్చుకోవాలి. వీటితో పాటు, ఆ కంపెనీ తనే పెట్టుకున్న సంస్థ కాకపోతే, అలాంటి కార్యక్రమాల్లో కనీసం మూడేళ్ల అనుభవం ఉండాలి.

చిన్న సంస్థలు జారిపడేది ఈ 'అలాంటి కార్యక్రమాలు' అన్న మాట దగ్గరే. సంస్థ పుట్టి పదిహేనేళ్లయింది కదా అనుకుంటారు. సంస్థ వయసు ఇక్కడ పనికిరాదు. అడిగే డబ్బు ఏ పనికో ఆ పనిలో మూడేళ్లు కావాలి.

ఇక్కడ ఒక పిట్టకథ. కంపెనీల చట్టం పాసైనప్పుడు, సీఎస్ఆర్ డబ్బు ఏ పనులకి వాడొచ్చో చెప్పే ఏడో షెడ్యూల్‌లో శిశు మరణాలు తగ్గించడం, తల్లుల ఆరోగ్యం మెరుగుపరచడం అని విడిగా ఒక అంశమే ఉండేది. 2014 ఏప్రిల్ 1 నుంచి నిబంధనలు అమల్లోకి వచ్చేనాటికి షెడ్యూల్ తిరగరాశారు, ఆ అంశం పోయింది, ఇప్పుడు తల్లీబిడ్డల ప్రాజెక్టులన్నీ మొదటి అంశంలోని ఆకలి, పోషకాహార లోపం, ఆరోగ్య సంరక్షణ అన్న మాటల కింద వస్తాయి. అర్హత ఏమీ తగ్గలేదు గానీ, పాత షెడ్యూల్ నుంచి కాపీ కొట్టిన ప్రపోజల్స్ ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. ఈ సంస్థ ప్రపోజల్‌లోనూ అదే పాత అంశం నంబరు ఉంది. పరిశీలించేవాడికి అది చూడగానే వీళ్లు చట్టం చదవలేదని అర్థమైపోతుంది.

కాగితాలు విప్పితే

నేను అడిగినవి: బైలాస్ (సంస్థ నియమావళి), గత మూడేళ్ల ఆడిట్ రిపోర్టులు, వార్షిక నివేదికలు, మినిట్స్ పుస్తకం.

బైలాస్‌లో లక్ష్యాల కింద విద్య, వృత్తి శిక్షణ, మహిళా సాధికారత ఉన్నాయి, చివర్లో 'మహిళల, పిల్లల సర్వతోముఖాభివృద్ధి' అని ఒక వాక్యం. ఆరోగ్యం అన్న మాటే లేదు. ఆ చివరి వాక్యంలో అన్నీ వచ్చేస్తాయి కదా అన్నారు ట్రెజరర్. అన్నీ వచ్చేసే వాక్యం దేన్నీ రుజువు చేయదు. దాతల తరఫున డ్యూ డిలిజెన్స్, అంటే సంస్థ మంచిచెడ్డల తనిఖీ, చేసే కంపెనీలు లక్ష్యాల్లో ఆరోగ్యం, పోషకాహారం, తల్లీబిడ్డల సంరక్షణ అన్న మాటల కోసం వెతుకుతాయి. కనిపించకపోతే ఇది సంస్థ పరిధి దాటిన పని అని రాసేస్తాయి.

అసలు చిక్కు ఆడిట్ రిపోర్టులో ఉంది. మూడేళ్లూ ఖర్చు వైపు ఒకటే పెద్ద పద్దు: 'కార్యక్రమాల ఖర్చు', దాని పక్కన పద్నాలుగో పదిహేనో లక్షలు. దాని కింద విభజన లేదు, షెడ్యూల్ లేదు. ఆడిటర్ గారు మంచివారే, తక్కువ ఫీజుకి చేస్తారు, అందుకే టాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ఉన్న లెడ్జర్లన్నీ ఒక్క గంపలో పోసి ఒక్క లైన్ వేశారు. ఆదాయపు పన్ను శాఖకి అది చాలు, సొసైటీల రిజిస్ట్రార్‌కి అంతకన్నా చాలు. కానీ బయటివాడు ఆ రిపోర్టు చదివితే ఈ సంస్థ మూడేళ్లలో ఒక్క గర్భిణి మీద ఒక్క రూపాయి ఖర్చు పెట్టినట్టు కనిపించదు. వార్షిక నివేదికలో ఫొటోలున్నాయి, కథలున్నాయి. వాటిని అనుభవానికి రుజువుగా ఎవరూ తీసుకోరు. దాత దృష్టిలో అనుభవమంటే ఆడిట్ అయిన ఖర్చు.

చిన్న సంస్థలకి ఎవరైనా ముందుగా చెప్పాల్సింది ఇదేనని నా గట్టి అభిప్రాయం. మీరు ఈ ఏడాది పద్దులు ఎలా రాస్తున్నారన్నదాన్ని బట్టే మూడేళ్ల తర్వాత మీరు దేనికి అర్హులో తేలుతుంది. ప్రపోజల్ రాయడానికి కన్సల్టెంటుని పెట్టుకునే డబ్బులో సగం అకౌంటెంటుకి ఇచ్చి, ప్రతి కార్యక్రమానికీ విడి లెడ్జర్, ఆడిట్ రిపోర్టుకి విడి షెడ్యూల్ పెట్టించుకుంటే ఎక్కువ లాభం. ఇది రాస్తే నా గిరాకీ తగ్గుతుందని తెలుసు, అయినా నిజం అదే.

సరిచేసింది

సంతకాలైపోయిన పాత ఆడిట్ రిపోర్టుని మార్చలేం, మార్చకూడదు కూడా. చేయగలిగింది ఒకటే. టాలీలోని లెడ్జర్లూ వోచర్లూ విప్పి ఆరోగ్యానికి సంబంధించినవి వేరుచేయడం. హిమోగ్లోబిన్ స్ట్రిప్పులు, బరువు తూచే కాటాలు, పీహెచ్‌సీకి తీసుకెళ్లిన ఆటో, జీపు కిరాయిలు, ఊళ్లలో తిరిగే ఇద్దరు అమ్మాయిల గౌరవ వేతనంలో ఈ పనికి పోయిన భాగం. ఇవన్నీ కూడి, అసలు పుస్తకాల ఆధారంగా ఆడిటర్ గారు కార్యక్రమాల వారీ ఖర్చు సర్టిఫికెట్ ఇచ్చారు, దాని మీద యూడీఐఎన్ నంబరుతో (ఒక్కో సర్టిఫికెట్‌కి విడిగా వచ్చే గుర్తింపు నంబరు) సహా. ఆ నంబరు లేని చార్టర్డ్ అకౌంటెంట్ సర్టిఫికెట్‌ని ఇప్పుడు ఎవరూ లెక్కచేయరు, ఎందుకంటే ఆన్‌లైన్‌లో సరిచూసుకునేది ఆ నంబరుతోనే.

రెండేళ్లకి వోచర్లు దొరికాయి. మొదటి ఏడాదివి చాలావరకు బడి కార్యక్రమం వోచర్లతో కలిసిపోయి ఉన్నాయి, ఒకే ఆటో కిరాయిలో బడి పిల్లలూ గర్భిణీ కలిసి వెళ్లారు, దాన్ని ఏ పద్దులో వేస్తాం? సగం సగం వేసేద్దామన్నారు ఎవరో. ఆడిటర్ ఒప్పుకోలేదు, నేనూ ఒప్పుకోలేదు. ఆధారం లేని విభజన చేస్తే ఇప్పుడు టిక్కు పడుతుంది, రేపు దాత పంపిన ఆడిటర్ వచ్చి వోచర్ అడిగిన రోజు సంస్థ పేరే పోతుంది. అంటే నిలిచినది రెండేళ్ల అనుభవం. మూడో ఏడాది కోసం నడుస్తున్న సంవత్సరం ఆడిట్ పూర్తయ్యేదాకా ఆగాలి. మేడంకి అది మింగుడుపడలేదు, కానీ ఆగారు.

ఈలోగా జనరల్ బాడీ పెట్టి, ప్రత్యేక తీర్మానంతో బైలాస్‌లో తల్లీబిడ్డల ఆరోగ్యం, పోషకాహారం అని స్పష్టంగా చేర్చి రిజిస్ట్రార్ దగ్గర నమోదు చేయించాం. ఇక్కడితో పని అయిపోయిందనుకుంటారు చాలామంది, కాలేదు. అప్పుడు అమల్లో ఉన్న ఆదాయపు పన్ను చట్టం 1961 ప్రకారం, నమోదు షరతులకి సరిపడని రీతిలో లక్ష్యాలు మారిస్తే 30 రోజుల్లోగా మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాల్సి ఉండేది. వైద్య సాయం ఎటూ ధార్మిక ప్రయోజనమే కాబట్టి ఇది షరతులకి విరుద్ధం కాదని వాదించొచ్చు. వాదన ఎందుకు, దరఖాస్తే పెట్టేద్దాం అన్నారు ఆడిటర్ గారు. సరైన మాట. 12ఏ గొడవలో పడితే 80జీ, సీఎస్ఆర్-1 కూడా దాంతోపాటే ఊగుతాయి.

ప్రాజెక్టుకీ అర్హత ఉంటుంది

సంస్థ అర్హత ఒకటైతే, అడిగిన పనికి అర్హత ఉందా అన్నది రెండోది. వాళ్ల ప్రపోజల్‌ని నేను ఎక్కువ కోసింది ఇక్కడే.

శీర్షికలోనే ఆసుపత్రి కాన్పులు పెంచుతాం, మాతృ మరణాల రేటు తగ్గిస్తాం అని ఉంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 (2019-21) ప్రకారం ఆసుపత్రి కాన్పులు ఆంధ్రప్రదేశ్‌లో 96.5 శాతం, తెలంగాణలో 97 శాతం. ఆ అంకె తెలిసిన దాత మొదటి పేజీలోనే ఆగిపోతాడు. ఏజెన్సీ ఊళ్లలో పరిస్థితి ఆ సగటుకి దూరంగా ఉంటుంది నిజమే, రోడ్డు లేని గూడెం నుంచి డోలీ మీద మోసుకురావాల్సిన చోట సగటుతో ఏం పని, కానీ అది చెప్పాలంటే రాష్ట్ర సగటు పక్కన ఆ పీహెచ్‌సీ పరిధిలోని కాన్పుల లెక్క పెట్టాలి. అది వాళ్ల దగ్గర లేదు. ఏఎన్‌ఎంల దగ్గర ఉంది. మెడికల్ ఆఫీసర్‌ని అడిగి రాతపూర్వకంగా తెచ్చుకున్నాం.

మాతృ మరణాల రేటు సంగతి ఇంకా పెద్దది. 2018-20 నాటికి దేశంలో లక్ష సజీవ జననాలకి 97 మరణాలు, ఆంధ్రప్రదేశ్‌లో 45, తెలంగాణలో 43. వీళ్లు పనిచేసే మండలాల్లో ఏడాదికి దాదాపు 1,200 కాన్పులు. రాష్ట్రం రేటే అక్కడా ఉందనుకున్నా ఏడాదికి సగం మరణం లెక్క వస్తుంది, అంటే రెండేళ్లకి ఒకటి. రేటు దానికి రెండింతలో మూడింతలో ఉన్నా మూడేళ్ల ప్రాజెక్టులో తగ్గిందో పెరిగిందో ఎవరూ కొలవలేరు, ఒక్క మరణం అటూ ఇటూ అయితే రేటు తలకిందులైపోతుంది. కొలవలేనిది మాటిస్తే సాంకేతిక పరిశీలనలో కొట్టేస్తారు, కొట్టేయాలి కూడా. దాని బదులు కొలవగలిగేవి పెట్టాం: మొదటి పన్నెండు వారాల్లో నమోదైన గర్భిణులు ఎందరు, హిమోగ్లోబిన్ 7 గ్రాముల కన్నా తక్కువ ఉన్నవాళ్లు ఎన్ని రోజుల్లో పెద్ద ఆసుపత్రికి చేరారు, 180 రోజుల ఐరన్ ఫోలిక్ యాసిడ్ మాత్రలు నిజంగా మింగినవాళ్లు ఎందరు, ప్రతి నెలా 9వ తేదీన గర్భిణులకి ఉచితంగా జరిగే పీఎంఎస్ఎంఏ (ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్) పరీక్షలకి ఎందరు వచ్చారు.

బడ్జెట్‌లో ఐరన్ మాత్రల కొనుగోలుకి నాలుగు లక్షలు ఉన్నాయి. మాత్రలు ప్రభుత్వమే ఉచితంగా ఇస్తుంది, జేఎస్ఎస్‌కే (జననీ శిశు సురక్షా కార్యక్రమం) కింద 2011 నుంచి గర్భిణికి మందులు, పరీక్షలు, ఆసుపత్రికి రవాణా అన్నీ ఉచితమే. ఉన్నదాన్నే మళ్లీ కొంటామంటే దాత ఒప్పుకోడు. సర్వే-5లో గర్భిణుల్లో రక్తహీనత దేశంలో 52.2 శాతం, మన రెండు రాష్ట్రాల్లో అంతకంటే కాస్త ఎక్కువే. మాత్రలు లేక కాదు ఇది. వాంతి వస్తుందని, మలం నల్లగా వస్తుందని, బిడ్డ లావైతే కాన్పు కష్టమవుతుందని మానేస్తారు, లేదా మాత్ర ఊరి దాకా ఆ నెలలో రాదు. కాబట్టి ఆ నాలుగు లక్షలూ ఇంటింటి ఫాలోఅప్‌కీ, గూడెం నుంచి బండి తిరిగే రోడ్డు దాకా తీసుకురావడానికీ మార్చాం. అంబులెన్స్ వచ్చేది రోడ్డు వరకే, దాని ఇవతలి ముక్కకి వాళ్లకి డబ్బు రావడం లేదు.

బిడ్డ పుట్టాక 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికి వెళ్లి చూడడం ఆశా కార్యకర్త పని, దానికి ఆమెకి ప్రభుత్వం ప్రోత్సాహకం ఇస్తుంది. ప్రపోజల్‌లో అదే పనికి ఆశాలకి నెలకింత అని రాశారు. అది తీసేయించాను. జిల్లా వైద్య ఆరోగ్యాధికారి (డీఎంహెచ్‌వో) అనుమతి లేకుండా ప్రభుత్వ వ్యవస్థలో ఉన్నవాళ్లకి బయటి డబ్బు ఇవ్వడం మొదలుపెడితే, ప్రాజెక్టు అయిపోయాక ఆ పని చేసేవాళ్లుండరు. తక్కువ బరువుతో పుట్టిన బిడ్డల ఇళ్లకి మాత్రం సంస్థ మనిషి ఆశాతో కలిసి అదనంగా వెళ్తుంది అని మార్చి, డీఎంహెచ్‌వో కార్యాలయం నుంచి సమ్మతి లేఖ తీసుకున్నాం. ఫైలు మొత్తంలో ఎక్కువ కాలం పట్టింది ఆ ఒక్క కాగితానికే.

తర్వాత, స్కానింగ్ మిషన్. పోర్టబుల్ అల్ట్రాసౌండ్ ఒకటి కొని ఊరూరా తిప్పుదామని ఉత్సాహంగా రాశారు. లింగ నిర్ధారణని నిషేధించే పీసీపీఎన్‌డీటీ చట్టం కింద రిజిస్టర్ కాని వాళ్లకి ఆ మిషన్ అమ్మడమే నేరం. పోర్టబుల్ మిషన్‌ని రిజిస్టర్ అయిన ఆసుపత్రిలో గానీ, ఇతర వైద్య సేవలు కూడా ఇచ్చే మొబైల్ మెడికల్ యూనిట్‌లో గానీ తప్ప వాడడానికి లేదు. ఏ కంపెనీ లీగల్ విభాగమైనా ఈ లైన్ చూసి ఫైలు మూసేస్తుంది. తీసేశాం, చర్చ కూడా పెట్టుకోలేదు.

సీఎస్ఆర్‌లో చట్టబద్ధ బాధ్యతల మినహాయింపు గురించి కూడా ఒక మాట, ఎందుకంటే కంపెనీ వాళ్లే దీన్ని తప్పుగా చదువుతారు. కంపెనీ వేరే చట్టం కింద తను చేయాల్సిన పనిని సీఎస్ఆర్‌లో చూపించకూడదు. ఉదాహరణకి ప్రసూతి ప్రయోజన చట్టం 2017 సవరణతో 50 మంది లేదా అంతకంటే ఎక్కువ ఉద్యోగులున్న సంస్థ క్రెష్ (ఉద్యోగుల చంటిపిల్లల్ని చూసుకునే చోటు) పెట్టాలన్న నియమం వచ్చింది, ఆ ఖర్చు సీఎస్ఆర్ కాదు. ప్రభుత్వం చేయాల్సిన పనికి సీఎస్ఆర్ సాయం చేయొచ్చు, ఆ మినహాయింపు దానికి వర్తించదు. పీహెచ్‌సీకి పసిబిడ్డని వెచ్చగా ఉంచే రేడియంట్ వార్మర్ కొనిచ్చినా తప్పులేదు, ఆస్తి మాత్రం ప్రభుత్వ సంస్థ పేరనో, సీఎస్ఆర్ నంబరున్న సంస్థ పేరనో ఉండాలి, కంపెనీ పేరున ఉండకూడదు.

వచ్చిన మరో రెండు ఆఫర్లు

మొదటి ఫైలు ఆగిపోయిందని తెలిసి, పక్క జిల్లాలో పనిచేసే ఒక పెద్ద సంస్థ మా విదేశీ దాత డబ్బులోంచి మీకు కొంత ఇస్తాం, మీరు ఊళ్లలో పని చేయండి అంది. పదేళ్ల కిందట ఇది మామూలు పద్ధతి, చిన్న సంస్థలు చాలావరకు అలాగే బతికాయి. 2020 సెప్టెంబరు సవరణతో విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) సెక్షన్ 7 మారింది. విదేశీ విరాళం తీసుకున్న సంస్థ దాన్ని ఇంకెవరికీ బదిలీ చేయకూడదు, అవతలివాళ్లకి కూడా ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ ఉన్నా సరే. ఆ సవరణ దెబ్బ ఎక్కువ తగిలింది ఇలాంటి మారుమూల సంస్థలకే, దాని గురించి నాకు చాలా కోపం ఉంది, కానీ కోపంతో చట్టం మారదు. వద్దని చెప్పించాం.

మరి సొంతంగా ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్? మూడేళ్ల ఉనికి, గత మూడేళ్లలో ప్రధాన కార్యక్రమాల మీద కనీసం 15 లక్షల ఖర్చు కావాలి, ఆ రెండూ వీళ్లకి ఉన్నాయి. తర్వాతి భారం చూసి నేనే ఆగమన్నాను. డబ్బు మొదట పడాల్సింది ఢిల్లీలోని ఎస్‌బీఐ ప్రధాన శాఖ ఖాతాలోనే, పరిపాలన ఖర్చు 20 శాతం మించకూడదు, ఏడాదంతా పైసా రాకపోయినా ఎఫ్‌సీ-4 అనే వార్షిక రిటర్ను వేయాల్సిందే. ఒక్క పార్ట్‌టైమ్ అకౌంటెంటున్న సంస్థకి చేతిలో ఒప్పుకున్న దాత లేకుండా ఈ టెన్షన్ అవసరం లేదు. ఫలానా దాత, ఫలానా మొత్తం అని లేఖ వచ్చిన రోజున ముందస్తు అనుమతి మార్గం ఎలాగూ ఉంది.

మల్టీనేషనల్ కంపెనీ సీఎస్ఆర్ డబ్బు విదేశీ విరాళమేనా అని ట్రెజరర్ అడిగారు. ఇక్కడ రిజిస్టరైన కంపెనీలో విదేశీ వాటా సగానికి మించినా, ఆ రంగానికి ఫెమా (విదేశీ మారక నిర్వహణ చట్టం) అనుమతించిన పరిమితిలో ఉంటే, 2016 సవరణ తర్వాత అది విదేశీ వనరు కిందికి రాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ప్రపంచ బ్యాంకు లాంటివి కూడా ఆ నిర్వచనం బయటే. చాలామంది ఇది తెలియక వచ్చే డబ్బుని వద్దనుకుంటున్నారు.

రెండో ఆఫర్ వినడానికి చాలా బాగుంది. పసిపిల్లల ఆహారం తయారుచేసే ఒక కంపెనీ, కార్యకర్తలకి పోషకాహారం మీద శిక్షణ పెట్టిస్తాం, ఖర్చంతా మాదే అంది. శిశు పాల ప్రత్యామ్నాయాల నియంత్రణ చట్టం 1992 ప్రకారం అలాంటి ఉత్పత్తిదారులు ఆరోగ్య కార్యకర్తలకి గానీ వాళ్ల సంఘాలకి గానీ సెమినార్లు, కోర్సులు, స్పాన్సర్‌షిప్‌లతో సహా ఏ ఆర్థిక ప్రయోజనమూ ఇవ్వకూడదు. ఆరోగ్య కార్యకర్త అన్నదానికి ఆ చట్టంలో నిర్వచనం చాలా విశాలం, తల్లులకీ పసిపిల్లలకీ ఆరోగ్య సేవ చేసే ఎవరైనా వస్తారు. శిశు ఆహారం అంటే రెండేళ్ల వయసు వరకు ఇచ్చేది. అంటే ఇక్కడ అర్హత లేనిది దాతకి. తల్లీబిడ్డల రంగంలో డబ్బు ఇచ్చేవాడెవడన్నది కూడా చెక్‌లిస్టులో మొదటి గడిగా ఉండాలి, ఎందుకంటే ఆ కంపెనీ పేరు ఒక్కసారి మీ దాతల జాబితాలో ఎక్కితే పాలిచ్చే తల్లులతో పనిచేసే ఇతర దాతలు, ఆరోగ్య శాఖ కూడా మీకు దూరం జరుగుతారు. మేడం ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు, వద్దన్నారు.

రెండో దరఖాస్తు

ఆడిట్ పూర్తయ్యాక, ఆరోగ్య కార్యక్రమాలకి విడి షెడ్యూల్ ఉన్న రిపోర్టుతో, ముందు రెండేళ్లకి సర్టిఫికెట్‌తో ఇంకో కంపెనీకి పంపాం. అర్హత దాటింది. అయితే 36 లక్షలు రాలేదు. సంస్థ గత ఏడాది మొత్తం ఖర్చుని మించిన గ్రాంటు ఇవ్వకూడదని ఆ కంపెనీకి సొంత నియమం ఒకటుంది. ఇది చట్టంలో లేదు, కానీ చాలామంది దాతలు ఇలాంటిదేదో పెట్టుకుంటారు, అందుకే ఎంత అడగాలన్నది కూడా అర్హత ప్రశ్నే. 18 లక్షలకి ఒప్పుకున్నారు, మండలాలు సగం చేశాం.

స్థానిక ప్రాంతం గురించి ఒక అభ్యంతరం వచ్చింది, మా ఫ్యాక్టరీ అక్కడ లేదు కదా అని. చట్టం స్థానిక ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వమంది, బయట ఖర్చు పెట్టొద్దనలేదు. వాళ్ల కంపెనీ సెక్రటరీయే అది ఒప్పుకున్నారు. ఇంకో అభ్యంతరం 5 శాతం గురించి: పరిపాలన ఖర్చు 5 శాతం మించకూడదు కాబట్టి మీ కోఆర్డినేటర్ జీతం కోసేయాలన్నారు. ఆ పరిమితి కంపెనీ తన సీఎస్ఆర్ విభాగం నడుపుకోవడానికి పెట్టే ఖర్చు మీద. ఊళ్లలో తిరిగి ప్రాజెక్టు నడిపే మనిషి జీతం ప్రాజెక్టు ఖర్చే. కార్పొరేట్ వ్యవహారాల శాఖ 2021 ఆగస్టులో ఇచ్చిన వివరణ ప్రింటు తీసి పంపాక జీతం నిలిచింది.

లబ్ధిదారుల ఫొటోలు, ఫోన్ నంబర్లు ప్రతి నెలా పంపాలన్న షరతు ఎంవోయూ (ఒప్పంద పత్రం) డ్రాఫ్టులో ఉంటే, గర్భిణుల వివరాలు అలా ఇవ్వం, కోడ్ నంబర్లతో రిపోర్టు ఇస్తాం అని మేడం పట్టుబట్టి మార్పించారు. వాళ్లలో కొందరు మైనర్లు కూడా, అది ఇంకా సున్నితం.

ఇక డబ్బు మంజూరైంది జనవరిలో. కంపెనీ అకౌంట్స్ వాళ్లు మార్చి 31 లోపు మొత్తం ఖర్చయిపోవాలన్నారు. సంస్థ ఖాతాలో పడినంత మాత్రాన అది కంపెనీ ఖర్చు చేసినట్టు కాదు, సంస్థ నిజంగా వాడినప్పుడే లెక్క, అందుకే వాళ్ల కంగారు. రెండు నెలల్లో మనుషుల్ని తీసుకుని, శిక్షణ ఇచ్చి, 18 లక్షలు ఖర్చు చేయడమంటే దొంగ వోచర్లకి దారి తీయడమే. దానికి చట్టంలోనే దారి ఉంది. బోర్డు కారణం రాసి దీన్ని కొనసాగే ప్రాజెక్టుగా తీర్మానిస్తే, మొదలైన సంవత్సరం కాక ఇంకో మూడేళ్ల దాకా నడపొచ్చు, మిగిలిన డబ్బు ఏప్రిల్ 30 లోపు కంపెనీ పేరున విడిగా తెరిచే ఖర్చుకాని సీఎస్ఆర్ ఖాతాలోకి వెళ్తుంది, అక్కడినుంచి విడతలుగా వస్తుంది. మార్చి మొదటి వారంలో బోర్డు ఆ తీర్మానం చేసింది. దాని కాపీ అడిగి తీసుకుని, ఎంవోయూ వెనకే ఫైల్లో పెట్టించాను.